తొలి తరం వ్యోమగాములు: జనం తరచుగా అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

ఏప్రిల్ 12 దగ్గర పడిందంటే చాలు, ఇంట్లో పిల్లలు, వాళ్ళ ఫ్రెండ్స్, ఆఫీసులో కొలీగ్స్, అందరూ ఇవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతుంటారు. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పలేక ఒకచోట రాసి పెట్టేస్తున్నా. మా ఇంట్లో అట్ట ఊడిపోయిన పాత సోవియట్ బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది, అందులో హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న గగారిన్ బొమ్మ చూసి నాకీ పిచ్చి పట్టింది. కాబట్టి ఎక్కడైనా కాస్త అభిమానం ఎక్కువైతే సర్దుకోండి.

అంతరిక్షంలోకి మొట్టమొదట వెళ్ళిందెవరు?

యూరి గగారిన్, సోవియట్ యూనియన్. 1961 ఏప్రిల్ 12 పొద్దున మాస్కో టైమ్ 9:07కి బైకొనూర్ రాకెట్ కేంద్రం నుంచి వోస్తోక్ 1 అనే నౌకలో వెళ్ళాడు, భూమి చుట్టూ ఒక్క రౌండ్ కొట్టాడు, పైకి లేచిన దగ్గర్నుంచి నేల మీదకొచ్చే దాకా మొత్తం 108 నిమిషాలు. అప్పటికి వయసు 27. మనం ఒక సినిమా ఇంటర్వెల్ దాటి కాసేపు చూసేంత టైమ్‌లో ఆయన ప్రపంచం చుట్టి వచ్చేశాడు.

ఆస్ట్రోనాట్, కాస్మోనాట్, వ్యోమగామి, వీటికి తేడా ఏంటి?

పనిలో తేడా ఏం లేదు, పంపించిన దేశాన్ని బట్టి పిలుపు. అమెరికా వాళ్ళయితే ఆస్ట్రోనాట్, రష్యా వాళ్ళయితే కాస్మోనాట్. మనకి వ్యోమగామి అని చక్కటి మాట ఉంది, ఎవరికైనా వాడుకోవచ్చు, నేనూ అదే వాడుతున్నా.

గగారిన్‌నే ఎందుకు సెలెక్ట్ చేశారు? రికమెండేషనా?

రికమెండేషన్ ఉండే ఇల్లు కాదండీ అది. స్మోలెన్స్క్ ప్రాంతంలో క్లూషినో అనే పల్లెటూరు, నాన్న వడ్రంగి, అమ్మ పాల డెయిరీలో పని. యుద్ధంలో జర్మన్లు ఊరిని ఆక్రమించి వీళ్ళ ఇల్లు లాక్కుంటే కుటుంబం అంతా పెరట్లో మట్టి గుంట తవ్వుకుని అందులో బతికారు, అన్ననీ అక్కనీ జర్మన్లు వెట్టిచాకిరీకి పట్టుకుపోయారు. తర్వాత ఈయన లోహం పోతపోసే పని నేర్చుకుని, సరాతోవ్‌లో టెక్నికల్ కోర్సు చదువుతూ ఫ్లయింగ్ క్లబ్‌లో చేరి, అలా ఎయిర్‌ఫోర్స్‌కి వెళ్ళాడు.

1960లో 20 మంది పైలట్లని తీసుకున్నారు, అందులోంచి ఆరుగురిని ముందు వరసలో పెట్టారు, చివరికి గగారిన్, గెర్మన్ తితోవ్ ఇద్దరి మధ్యకొచ్చింది. ఇద్దరూ ఒకరికొకరు తీసిపోరు. తితోవ్ టీచర్ గారబ్బాయి, గగారిన్ కూలీ రైతు కుటుంబం, ఆ రోజుల్లో ఆ దేశంలో ఇది చిన్న విషయం కాదు. దానికి తోడు ఆ నవ్వు. ప్రపంచమంతా చూడబోయే మొహం కదా. ఇంకోటి, వోస్తోక్ అంటే లోపల మనిషి ఇరుక్కుని కూర్చునే గుండ్రటి బంతి, వ్యాసం 2.3 మీటర్లు అంతే, అందుకని పొడుగువాళ్ళని అసలు తీసుకోలేదు. గగారిన్ ఎత్తు 157 సెంటీమీటర్లు. పొట్టిగా ఉన్నామని బాధపడే పిల్లలకి నేను ముందు చెప్పేది ఈ ముక్కే.

తితోవ్‌కి నాలుగు నెలల్లో ఛాన్స్ వచ్చింది లేండి. 1961 ఆగస్టు 6న వెళ్ళి 17 రౌండ్లు, ఒక రోజు పైనే ఉన్నాడు, అక్కడ నిద్రపోయిన మొదటి మనిషి, కళ్ళు తిరిగి కడుపులో తిప్పిన మొదటి మనిషి కూడా ఆయనే. అప్పటికి 26 కూడా నిండలేదు, భూమి చుట్టూ తిరిగినవాళ్ళలో అంత చిన్న వయసువాడు ఇంకా ఎవరూ లేరు. అయినా రెండోవాడి పేరు ఎంతమందికి గుర్తుంది చెప్పండి.

గగారిన్‌ని కంట్రోల్స్ ముట్టుకోనివ్వలేదట, నిజమేనా?

నిజమే. బరువు తెలీని స్థితిలో మనిషి బుర్ర పనిచేస్తుందో చేయదో డాక్టర్లకి ఎవరికీ తెలీదు, పిచ్చెక్కి ఏదో స్విచ్ నొక్కేస్తే? అందుకని అంతా ఆటోమేటిక్, చేత్తో నడపాలంటే మూడంకెల కోడ్ కొట్టాలి, ఆ కోడ్ సీల్ చేసిన కవర్లో పెట్టి లోపల ఉంచారు. అంటే కవర్ చింపి నంబర్ చదివి నొక్కగలిగితే మతి సరిగ్గా ఉన్నట్టే అని లెక్క. ఆ నంబర్ 125. తమాషా ఏంటంటే, నిజంగా అవసరం పడితే కవర్ వెతుక్కుంటూ కూర్చోవాలా అని జాలిపడి, ఎక్కే ముందే ఆయనకి నంబర్ చెవిలో వేసేశారు. పెద్ద డిజైనర్ కొరల్యోవ్ కూడా చెప్పాడట.

ఆ కొరల్యోవ్ ఎవరు?

మొత్తం సోవియట్ రాకెట్ ప్రోగ్రామ్ వెనక ఉన్న మనిషి. స్టాలిన్ కాలంలో చేయని తప్పుకి జైల్లో, సైబీరియా బంగారు గనుల క్యాంపులో మగ్గి బయటపడ్డాడు. 1966 జనవరిలో చనిపోయే దాకా బయట ప్రపంచానికి ఆయన పేరే తెలీదు, పేపర్లలో "చీఫ్ డిజైనర్" అని రాసేవాళ్ళు అంతే. గగారిన్‌ని ఊరేగిస్తుంటే ఈయన ఎవరికీ తెలీకుండా ఉండాల్సి వచ్చింది.

ఆ 108 నిమిషాల్లో ప్రమాదం ఏం జరగలేదా?

జరిగింది, చాలా ఏళ్ళు బయటికి చెప్పలేదు అంతే. కిందికి దిగేటప్పుడు ఆయన కూర్చున్న గోళం, వెనక ఇంజన్ ఉన్న భాగం విడిపోవాలి. కేబుళ్ళు తెగక రెండూ వేలాడుతూ ఉండిపోయాయి, నౌక గిరగిరా తిరగడం మొదలెట్టింది, దాదాపు 10 నిమిషాలు అలాగే, చివరికి గాలి రాపిడి వేడికి ఆ కేబుళ్ళు కాలిపోయాక విడిపోయింది. అంతసేపూ ఆయన కంగారు పడకుండా చూసినవి చూసినట్టు గుర్తుపెట్టుకుని తర్వాత రిపోర్ట్ ఇచ్చాడు.

నౌకతో పాటు దిగలేదు, పారాచ్యూట్‌తో దూకాడు అంటారు. మరి అది చీటింగ్ కాదా?

వోస్తోక్ దిగేటప్పుడు నేలకి గట్టిగా గుద్దుకుంటుంది, లోపల మనిషి ఉంటే దెబ్బలు తగులుతాయి. అందుకే సుమారు 7 కిలోమీటర్ల ఎత్తులో సీటుతో సహా బయటికి ఎగిరి పారాచ్యూట్‌తో విడిగా దిగడం అనేది ముందే వేసుకున్న ప్లాన్. గొడవ ఎక్కడంటే, అప్పటి అంతర్జాతీయ రికార్డు రూల్స్ ప్రకారం పైలట్ తన వాహనంలోనే దిగాలి, సోవియట్ వాళ్ళు ఆ సంగతి దాచిపెట్టి రికార్డు రాయించుకున్నారు. అబద్ధం అబద్ధమే, కాదనను. కానీ ఆయన అంతరిక్షానికి వెళ్ళి రావడంలో అబద్ధం లేదు కదా, ఆ తర్వాత రూలే మార్చుకున్నారు.

దిగింది సరాతోవ్ దగ్గర వోల్గా నది పక్కన పొలంలో. నారింజ రంగు డ్రెస్సు, తెల్ల హెల్మెట్, ఆకాశం నుంచి ఊడిపడిన మనిషిని చూసి పొలంలో ఉన్న ఒక ముసలామె, ఆమె మనవరాలు హడలిపోయారు. భయపడకండి, నేనూ మీవాణ్ణే, సోవియట్ మనిషినే అని ఆయనే సర్దిచెప్పాల్సి వచ్చింది. ఇన్ని చదివినా నాకు ఎప్పటికీ నచ్చే సీన్ ఇదే.

"పైకెళ్ళి చూశా, దేవుడు కనపడలేదు" అని గగారిన్ అన్నాడా?

ఆ ఫ్లైట్‌లో మాట్లాడినదంతా రాసి ఉంది, అందులో ఆ మాట లేదు. ప్రచారం కోసం ఆయన నోట్లో పెట్టిన మాట అది. అలాంటి మాట నిజంగా అన్నది తితోవ్, 1962లో అమెరికా వెళ్ళినప్పుడు, దేవుణ్ణీ దేవదూతల్నీ చూడలేదని. వాట్సాప్‌లో మాత్రం గగారిన్ పేరు మీదే తిరుగుతుంటుంది.

గగారిన్ కంటే ముందే కొంతమందిని పంపించి, చనిపోతే దాచేశారట కదా?

ఇది అడగని సంవత్సరం లేదు. ఇటలీలో ఇద్దరు అన్నదమ్ములు రేడియోలో అంతరిక్షంలో చచ్చిపోతున్నవాళ్ళ గొంతులు పట్టుకున్నామని చెప్పారు, అప్పట్నుంచి ఈ కథ నడుస్తోంది. సోవియట్ యూనియన్ కూలిపోయాక పాత ఫైళ్ళు, డైరీలు బోలెడు బయటికొచ్చాయి, గగారిన్ కంటే ముందు పైకి వెళ్ళిన మనిషి ఒక్కడు కూడా వాటిల్లో దొరకలేదు. కానీ జనం ఎందుకు నమ్మారంటే, ఆ ప్రభుత్వం నిజంగానే మనుషుల్ని దాచేది కాబట్టి. ఇద్దరి సంగతి చెప్తా.

వాలెంటిన్ బొందరెంకో, 24 ఏళ్ళు, గగారిన్ బ్యాచే. 1961 మార్చి 23న, అంటే గగారిన్ వెళ్ళడానికి మూడు వారాలు కూడా లేదు, ఒంటరి గదిలో రోజుల తరబడి ఉంచే టెస్ట్‌లో ఉన్నాడు. ఒంటికి అతికించిన సెన్సార్లు తీసేసి స్పిరిట్ దూదితో తుడుచుకుని ఆ దూది పక్కకి విసిరితే అది కరెంటు స్టవ్ మీద పడింది. గదిలో ఆక్సిజన్ ఎక్కువ పెట్టి ఉంచారు, భగ్గుమంది. లోపలా బయటా ప్రెషర్ తేడా వల్ల తలుపు వెంటనే తెరవడం కుదరలేదు. కొన్ని గంటలకే చనిపోయాడు. ఆ పేరు బయటి ప్రపంచానికి తెలిసింది 1986లో, 25 ఏళ్ళ తర్వాత.

రెండోది గ్రిగొరి నెల్యూబోవ్. గగారిన్‌కి తితోవ్ స్టాండ్‌బై అయితే, తితోవ్ తర్వాత నిలబడ్డవాడు ఈయన. 1963లో తాగి మిలిటరీ గస్తీ వాళ్ళతో గొడవ పడితే, సారీ చెప్పు వదిలేస్తాం అన్నారట, చెప్పలేదు, ఉద్యోగం పోయింది. దూర తూర్పు ప్రాంతానికి పంపేశారు, అక్కడ నేనూ కాస్మోనాట్‌నే అంటే నమ్మేవాళ్ళు లేరు, 1966లో రైలు కింద పడి చనిపోయాడు. గ్రూప్ ఫోటోల్లో ఆయన ఉన్నచోట రంగు పూసి చెరిపేశారు, ఒకే ఫోటో రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాంట్లో మనిషి, ఇంకోదాంట్లో ఖాళీ గోడ. అవి మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సహించలేదు, నిజంగా.

మరి లైకా?

ఆ కుక్కని 1957 నవంబర్ 3న పంపారు, తిరిగొచ్చే ఏర్పాటే లేదు. చాలా రోజులు బతికిందని చెప్పుకొచ్చారు గానీ వేడి ఎక్కువై కొన్ని గంటల్లోనే పోయిందని 2002లో చెప్పారు. ప్రాణాలతో తిరిగొచ్చిన కుక్కలు బెల్కా, స్త్రెల్కా, 1960 ఆగస్టులో. స్త్రెల్కా పిల్లల్లో ఒకదాన్ని కెనడీ కుటుంబానికి గిఫ్ట్‌గా పంపారు. అమెరికా వాళ్ళయితే 1961 జనవరి 31న హామ్ అనే చింపాంజీని పంపారు, అది బాగానే తిరిగొచ్చింది.

అమెరికా ఎందుకు వెనకబడింది?

ఎక్కువేం వెనకబడలేదండీ, 23 రోజులు. 1959 ఏప్రిల్‌లో ఏడుగురు టెస్ట్ పైలట్లని ప్రకటించారు, మెర్క్యురీ సెవెన్ అంటారు: షెపర్డ్, గ్రిసమ్, గ్లెన్, కార్పెంటర్, షిర్రా, కూపర్, స్లేటన్. ముందు హామ్ వెళ్ళినప్పుడు రాకెట్ కాస్త తేడాగా పనిచేసిందని ఇంకో టెస్ట్ పెట్టుకున్నారు, ఆ గ్యాప్‌లో గగారిన్ వెళ్ళిపోయాడు. అలన్ షెపర్డ్ 1961 మే 5న వెళ్ళాడు, 15 నిమిషాలు, భూమి చుట్టూ కాదు, పైకి 187 కిలోమీటర్లు వెళ్ళి సముద్రంలో పడటం.

ఆ 15 నిమిషాల ప్రయాణానికి ఆయన నాలుగు గంటలపైన క్యాప్సూల్‌లో పడుకుని వెయిట్ చేశాడు. మధ్యలో ఒంటికి వచ్చింది. 15 నిమిషాల ట్రిప్పుకి ఆ ఏర్పాటు ఎందుకని ఎవరూ పెట్టలేదు, బయటికి రానివ్వరు, చివరికి సూట్‌లోనే కానిచ్చేయమన్నారు. వైర్లు షార్ట్ అవుతాయేమోనని కాసేపు పవర్ కూడా ఆపారు. అమెరికా మొదటి వ్యోమగామి తడి బట్టలతోనే చరిత్రకెక్కాడు. తర్వాత చెవి జబ్బుతో ఏళ్ళ తరబడి ఆపేశారు, ఆపరేషన్ చేయించుకుని 47 ఏళ్ళ వయసులో 1971లో అపోలో 14 తో చంద్రుడి మీద దిగి అక్కడ గోల్ఫ్ బంతి కొట్టాడు.

గ్రిసమ్ తన క్యాప్సూల్‌ని ముంచేశాడట?

పాపం ఆయన్ని జీవితాంతం వెంటాడిన మాట ఇది. 1961 జులై 21న సముద్రంలో దిగాక తలుపు దానంతటదే పేలి ఊడింది, నీళ్ళు లోపలికొచ్చాయి, ఈయన బయటపడి మునిగిపోబోయి హెలికాప్టర్ అందుకున్నాడు, క్యాప్సూల్ మునిగిపోయింది. భయపడి తనే నొక్కాడని గుసగుసలు. నేను నొక్కలేదు మొర్రో అని ఆయన చెప్తూనే ఉన్నాడు. తలుపు చేత్తో పేల్చినవాళ్ళకి ఆ మీట ఎదురుతన్ని చేతికి దెబ్బ తగులుతుంది, షిర్రాకి తగిలింది, గ్రిసమ్ చేతి మీద ఏ గుర్తూ లేదు. నాకైతే ఈ ఒక్క సాక్ష్యం చాలు. ఆ క్యాప్సూల్‌ని 1999లో అట్లాంటిక్ అడుగు నుంచి, దాదాపు 5 కిలోమీటర్ల లోతు నుంచి పైకి తీశారు.

జాన్ గ్లెన్ గొప్ప ఏంటి?

1962 ఫిబ్రవరి 20న భూమి చుట్టూ తిరిగిన మొదటి అమెరికన్, మూడు రౌండ్లు. తిరుగుతుండగా, దిగేటప్పటి వేడి నుంచి కాపాడే కవచం, హీట్ షీల్డ్, వదులైందని కింద సిగ్నల్ వచ్చింది, అది నిజమైతే కాలిపోవడమే. దాని మీద కట్టి ఉన్న రాకెట్ ప్యాక్‌ని వదిలేయకుండా అలాగే ఉంచుకుని దిగమన్నారు, అది ముక్కలు ముక్కలుగా మండుతూ కిటికీ పక్కనుంచి పోతుంటే కాలేది ప్యాకో షీల్డో ఆయనకి తెలీదు. చివరికి తప్పు సెన్సార్‌దని తేలింది. వెళ్ళే ముందు కంప్యూటర్ వేసిన లెక్కల్ని నాసా గణిత నిపుణురాలు కాథరిన్ జాన్సన్ చేత్తో సరిచూసి చెప్తే గానీ ఎక్కనన్నాడు, అదీ నిజమే. మళ్ళీ 1998లో 77 ఏళ్ళకి షటిల్ ఎక్కాడు. 2016 డిసెంబర్‌లో పోయాడు, ఏడుగురిలో చివరివాడు.

ఆడవాళ్ళలో మొదట వెళ్ళిందెవరు? ఆమె ఏడ్చిందనీ సరిగ్గా చేయలేదనీ అంటారే?

వాలెంటీనా తెరెష్కోవా, 1963 జూన్ 16, వోస్తోక్ 6, వయసు 26. 48 రౌండ్లు, దాదాపు మూడు రోజులు. మెర్క్యురీ వాళ్ళలో అప్పటికి పైకెళ్ళిన ఆరుగురూ కలిపి ఎగిరిన టైమ్ కంటే ఎక్కువ ఈమె ఒక్కతే ఎగిరింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఒంటరిగా అంతరిక్షంలోకి వెళ్ళిన ఆడమనిషి ఇంకొకరు లేరు.

బట్టల మిల్లులో కార్మికురాలు, తండ్రి ఫిన్లాండ్ యుద్ధంలో చనిపోయాడు, సరదాగా పారాచ్యూట్ దూకడం నేర్చుకుంది, అదే పనికొచ్చింది. వాళ్ళమ్మకి పారాచ్యూట్ పోటీలకి వెళ్తున్నానని చెప్పి వెళ్ళింది, కూతురు అంతరిక్షంలో ఉందని ఆ తల్లికి వార్తల్లో విన్నాకే తెలిసింది. తల్చుకుంటే నవ్వూ వస్తుంది, గుండె కలుక్కూ మంటుంది.

ఇక సరిగ్గా చేయలేదన్న మాట. నౌక దిశ ప్రోగ్రామ్ తప్పు పెట్టారు, దాని ప్రకారం ఇంజన్ వెలిగిస్తే కిందికి దిగాల్సింది పోయి ఇంకా పైకి వెళ్ళిపోయేది. అది కనిపెట్టి చెప్పింది ఆమే, అప్పుడు కింద నుంచి కొత్త నంబర్లు పంపారు. ఎవరికీ చెప్పొద్దని కొరల్యోవ్ అడిగితే దశాబ్దాల పాటు నోరు విప్పలేదు, ఈలోపు ఆమె మీద నానా మాటలూ అన్నారు. తప్పు చేసినవాళ్ళు హాయిగా ఉన్నారు, దాన్ని పట్టుకున్నావిడ మాటలు పడింది.

ఆమెతో పాటు ట్రైనింగ్ తీసుకున్న నలుగురు, సొలొవ్యోవా, పొనొమర్యోవా, యోర్కినా, కుజ్నెత్సోవా, ఒక్కరూ వెళ్ళలేదు, 1969లో గ్రూపే రద్దు చేశారు. రెండో మహిళ సవిత్స్కయా వెళ్ళేసరికి 1982. అమెరికాలో జెర్రీ కాబ్, ఇంకో 12 మంది మహిళా పైలట్లు ప్రైవేటుగా పెట్టిన మెడికల్ టెస్టులు పాసయ్యారు, జెట్ టెస్ట్ పైలట్లయితేనే తీసుకుంటామని నాసా అంది, ఆడవాళ్ళని ఆ ఉద్యోగంలోకే రానివ్వని రోజులవి! ఆ 13 మందిలో ఒకరు, వాలీ ఫంక్, 2021లో 82 ఏళ్ళకి పైకెళ్ళొచ్చింది.

స్పేస్‌వాక్ మొదట చేసినాయన లోపలికి రాలేకపోయాడట?

అలెక్సీ లియోనోవ్, 1965 మార్చి 18. బయట 12 నిమిషాలున్నాడు, అంతా బాగానే ఉంది, తిరిగి లోపలికి రాబోతే సూట్ బెలూన్‌లా ఉబ్బిపోయింది, వేళ్ళు గ్లవ్స్ లోంచి, కాళ్ళు బూట్లలోంచి జారిపోతున్నాయి, నౌకలోకి దారైన ఇరుకు గది, ఎయిర్‌లాక్‌లో పట్టడం లేదు. ఎవరినీ అడక్కుండా సూట్‌లో గాలి కొంచెం కొంచెం వదిలేసుకుంటూ, కాళ్ళు ముందు పెట్టాల్సింది తల ముందు పెట్టి దూరి, లోపల ఒంటిని మడత పెట్టి తిరిగి తలుపు వేశాడు.

అక్కడితో అయిపోలేదు. దిగేటప్పుడు ఆటోమేటిక్ పనిచేయలేదు, కమాండర్ బెల్యాయెవ్ చేత్తో దించాడు, అనుకున్న చోటికి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో మంచుతో నిండిన పెర్మ్ అడవిలో పడ్డారు. చుట్టూ చెట్లు, చలి, తోడేళ్ళు తిరిగే చోటు. రెండు రాత్రులు గడిపి, రెస్క్యూ టీమ్‌తో కలిసి స్కీల మీద నడిచి బయటికొచ్చారు. ఈ అనుభవం తర్వాత అడవిలో దిగితే పనికొస్తుందని కాస్మోనాట్‌ల కిట్‌లో మూడు గొట్టాల తుపాకీ పెట్టారు. ఈయన బొమ్మలు కూడా వేసేవాడు, ఆ ఫ్లైట్‌లోనే కలర్ పెన్సిళ్ళతో సూర్యోదయం గీశాడు, అంతరిక్షంలో వేసిన మొదటి బొమ్మ అదే.

కొమరోవ్ చనిపోతూ ప్రభుత్వాన్ని తిట్టాడనే ఆడియో నిజమేనా?

నేను నమ్మను. వ్లదీమిర్ కొమరోవ్ 1967 ఏప్రిల్ 23న సోయుజ్ 1 లో వెళ్ళాడు. కొత్త నౌక, మనుషుల్లేకుండా చేసిన టెస్టులన్నీ ఏదో ఒకటి చెడినవే, అయినా పంపించారు. వెళ్ళగానే ఒక సోలార్ ప్యానెల్ తెరుచుకోలేదు, కరెంటు చాలలేదు, వెనకే వెళ్ళాల్సిన రెండో నౌక ఆపేశారు. ఆయన చేత్తో దిశ సరిచేసుకుని కిందికి తెచ్చాడు, అది మామూలు పనితనం కాదు. అంతా గట్టెక్కింది అనుకునే టైమ్‌లో పెద్ద పారాచ్యూట్ పెట్టెలోంచి బయటికి రాలేదు, రిజర్వ్‌ది చిక్కుబడిపోయింది, 24 పొద్దున ఓరెన్‌బర్గ్ ప్రాంతంలో నేలకి గుద్దుకుని మండిపోయింది. అంతరిక్ష ప్రయాణంలో ప్రాణం పోయిన మొదటి మనిషి.

రాతలో ఉన్న ఆయన చివరి మాటలు మామూలుగా, నింపాదిగా ఉన్నాయి. పారాచ్యూట్ సంగతి తెలిసేసరికి తిట్టడానికి టైమ్ ఎక్కడుంది? ఆ ఫ్లైట్‌కి స్టాండ్‌బై గగారిన్. ఫ్రెండ్‌ని కాపాడటానికే కొమరోవ్ తప్పుకోలేదని కథగా చెప్తారు, కథ కాబట్టి కథగానే వినాలి.

అపోలో 1 రాకెట్ పేలిపోయిందా?

కాదు, అసలు ఎగరనే లేదు. 1967 జనవరి 27 సాయంత్రం నేల మీదే రిహార్సల్. లోపల గ్రిసమ్, అమెరికా నుంచి మొదట స్పేస్‌వాక్ చేసిన ఎడ్ వైట్, ఇంకా ఒక్కసారీ పైకి వెళ్ళని రోజర్ చాఫీ. లోపలంతా స్వచ్ఛమైన ఆక్సిజన్, అదీ ఎక్కువ ప్రెషర్‌లో, ఎక్కడో వైర్ దగ్గర నిప్పురవ్వ పుట్టింది, సెకన్లలో అంతా అంటుకుంది. తలుపు లోపలికి తెరుచుకునే రకం, ప్రెషర్ దాన్ని నొక్కేసింది, బయటవాళ్ళు తెరిచేసరికి ఐదు నిమిషాలు. తర్వాత తలుపు బయటికి, కొన్ని సెకన్లలో తెరుచుకునేలా మార్చారు, నేల మీద ఉన్నప్పుడు నైట్రోజన్ కలిపారు. తలుపు తెరుచుకున్నందుకు నిందలు పడ్డ గ్రిసమ్, తలుపు తెరుచుకోక పోయాడు. బొందరెంకో పోయింది కూడా ఇలాగే కదా, ఆక్సిజన్, నిప్పు, తెరుచుకోని తలుపు.

అంతరిక్షంలోనే చనిపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ముగ్గురే. సోయుజ్ 11: దొబ్రోవోల్స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్. సల్యూత్ 1 అనే మొదటి స్పేస్ స్టేషన్‌లో మూడు వారాలపైన ఉండి తిరిగొస్తుంటే, 1971 జూన్ 30న, 168 కిలోమీటర్ల ఎత్తులో, ఒక వాల్వ్ తెరుచుకుని గాలంతా పోయింది. ముగ్గురిని పట్టించడానికి స్పేస్ సూట్లు లేకుండా పంపించారు. నౌక మాత్రం బ్రహ్మాండంగా దిగింది, తలుపు తీసి చూస్తే ముగ్గురూ సీట్లలో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే. అసలు ఆ ట్రిప్ వేరే టీమ్‌ది, అందులో ఒకాయనకి ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపించి టీబీ అనుకుని టీమ్ మొత్తాన్ని మార్చారు. ఆ ఆగిపోయిన టీమ్ కమాండర్ ఎవరనుకున్నారు, మన లియోనోవే.

చంద్రుడి మీద వీళ్ళ గుర్తుగా ఏమైనా ఉందా?

రెండు చోట్ల ఉంది. అపోలో 11 వాళ్ళు అపోలో 1 బ్యాడ్జ్, గగారిన్, కొమరోవ్‌ల పతకాలు ఒక చిన్న సంచిలో తీసుకెళ్ళారు. హడావుడిలో ఆల్డ్రిన్ మర్చిపోయి నిచ్చెన ఎక్కేస్తుంటే ఆర్మ్‌స్ట్రాంగ్ గుర్తుచేశాడు, జేబులోంచి తీసి అక్కడ్నుంచే కింద పడేశాడు. శత్రువులు అనుకున్న దేశం వాళ్ళ పతకాలు, ఆ రోజుల్లో!

రెండోది 1971 ఆగస్టులో అపోలో 15 వాళ్ళు పెట్టింది. సోయుజ్ 11 ముగ్గురూ పోయి నెల కాస్త దాటింది అప్పటికి. జానెడు కూడా లేని, 8.5 సెంటీమీటర్ల అల్యూమినియం మనిషి బొమ్మని దుమ్ములో పడుకోబెట్టి, పక్కన 14 పేర్లున్న ఫలకం పెట్టారు. 8 మంది అమెరికన్లు, 6 మంది సోవియట్‌లు, దేశాల వారీగా కాకుండా అక్షర క్రమంలో కలిపేసి. బయటివాళ్ళకి చెప్పకుండా పెట్టేసి తిరిగొచ్చాక చెప్పారు. అందులో టెడ్ ఫ్రీమన్ ఉన్నాడు, 1964లో విమానానికి బాతు లాంటి పెద్ద పక్షి కొట్టుకుని పోయినాయన.

లేని పేర్లు కూడా చూడాలి. బొందరెంకో లేడు, నెల్యూబోవ్ లేడు, ఆ పేర్లు అప్పటికి అమెరికా వాళ్ళకి తెలీవు. రాబర్ట్ లారెన్స్ కూడా లేడు, ఆయన మిలిటరీ స్పేస్ ప్రోగ్రామ్‌కి ఎంపికైన మొదటి నల్లజాతి అమెరికన్, 1967 డిసెంబర్‌లో విమాన ప్రమాదంలో చనిపోయాడు, సొంత దేశంవాడే, అయినా లిస్టులో పడలేదు. అంతకు ముందు ట్రైనింగ్ దాకా వచ్చి ఆగిపోయిన ఇంకో నల్లజాతి పైలట్ ఎడ్ డ్వైట్ తర్వాత శిల్పి అయ్యాడు, 2024 మేలో 90 ఏళ్ళకి పది నిమిషాల ట్రిప్పులో పైకెళ్ళొచ్చాడు. ఫలకం మీదున్న 14 పేర్లు మీకు నెట్‌లో దొరుకుతాయి, ఈ మూడూ పక్కన మీరే రాసుకోండి.

గగారిన్ ఎలా పోయాడు?

1968 మార్చి 27న, సెర్యోగిన్ అనే సీనియర్ పైలట్‌తో కలిసి మిగ్ 15 ట్రైనింగ్ ఫ్లైట్‌లో, కిర్జాచ్ దగ్గర కూలిపోయింది. 34 ఏళ్ళు. కారణం మీద రకరకాల వాదనలు, వాటి జోలికి పోను. చంద్రుడి మీద మనిషి దిగడం చూడటానికి ఇంకో 16 నెలలు ఉంటే సరిపోయేది.

మనవాళ్ళకి వీళ్ళతో ఏమైనా లింకుందా?

గగారిన్ 1961 చివర్లో ఇండియా వచ్చాడు, తెరెష్కోవా 1963లో వచ్చింది. మన దగ్గర కమ్యూనిస్టు ఇళ్ళల్లో పిల్లలకి గగారిన్ అని పేరు పెట్టుకున్నారు, మీ ఊళ్ళోనే ఒకాయన ఉన్నా ఉండొచ్చు. తెలుగులోకి వచ్చిన సోవియట్ పుస్తకాలు విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికేవి, మా ఇంటి పుస్తకం కూడా అలా వచ్చిందే. ఇక 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11 లో వెళ్ళిన రాకేశ్ శర్మ పుట్టింది పటియాలాలో అయినా చదువుకుంది హైదరాబాద్‌లో, నిజాం కాలేజీ స్టూడెంట్. ఆయనకి స్టాండ్‌బైగా అంతే ట్రైనింగ్ తీసుకున్న రవీశ్ మల్హోత్రా పేరు క్విజ్‌లో అడిగితే ఎవరూ చెప్పరు, నేను ప్రతిసారీ అదే అడుగుతా. గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష 2021లో వెళ్ళింది గానీ అది వేరే తరం.

వీళ్ళని తల్చుకునే రోజులేవి?

ఏప్రిల్ 12ని 2011లో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ దినంగా ప్రకటించింది. జనవరి చివర్లో నాసా వాళ్ళు స్మరణ దినం జరుపుతారు, ఎందుకంటే అపోలో 1 జనవరి 27, ఛాలెంజర్ షటిల్ ప్రమాదం జనవరి 28, మన కల్పనా చావ్లా వెళ్ళిన కొలంబియా ఫిబ్రవరి 1, మూడూ ఒకే వారంలో పడ్డాయి. సంవత్సరాలు వేరు, 1967, 1986, 2003.

బస్సు టైరు సంగతి నిజమేనా? పిల్లలు నమ్మడం లేదు.

నిజమే. రాకెట్ దగ్గరికి వెళ్ళే దారిలో గగారిన్ బస్సు ఆపించి వెనక కుడి టైరు మీద ఒంటికి పోసి వెళ్ళాడని చెప్పుకుంటారు, అప్పట్నుంచి బైకొనూర్ నుంచి వెళ్ళే మగవాళ్ళు అదో శకునంలా పాటిస్తూ వచ్చారు. అంత కష్టపడి సీల్ చేసిన సూట్‌ని విప్పించుకుని మరీ, తర్వాత టెక్నీషియన్లు మళ్ళీ బిగించాలి. ఆడవాళ్ళకి తప్పనిసరి కాదు, కొందరు చిన్న సీసాలో తెచ్చి చల్లుతారట. షెపర్డ్ ఎక్కడానికి ముందు ఇలాంటి శకునం ఒకటి అమెరికాలో కూడా ఉండుంటే బాగుండేది.